‘ఫ్రేమ్ బాగుంది’ అన్నాక ఇంకేం చెప్పాలి?

ప్రశ్న: సినిమాను ఒక చదువులా చదవాలని ఏడాదిగా తంటాలు పడుతున్నాను. గొప్ప సినిమాల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని డెబ్బయి దాకా చూశాను. సిద్ధాంతాల పుస్తకం మొదలుపెట్టి మూడో అధ్యాయంలో వదిలేశాను. ఇంత చేసినా, ‘ఈ సీన్లో గొప్పేముంది?’ అని ఎవరైనా అడిగితే ‘ఫ్రేమ్ బాగుంది, లైటింగ్ బాగుంది’ అనడం తప్ప నోట మాట రాదు. చరిత్ర ముందు చదవాలా, సిద్ధాంతమా, దృశ్యభాషా? కోర్సులో చేరకుండా ఇది పట్టుబడుతుందా? ఉద్యోగం వల్ల వారానికి ఆరేడు గంటలే దొరుకుతాయి.

సమాధానం: డెబ్బయి సినిమాలు తక్కువేమీ కాదు. మీకు పట్టుబడనిది చూసినదాన్ని చూసినట్టు చెప్పడం. అది జాబితాలో మిగిలినవి చూస్తే రాదు, మూడో అధ్యాయం దాటినా రాదు. కాబట్టి జాబితాను కొన్నాళ్లు అటకెక్కించి, ఒక్క సినిమాలోంచి ఒక్క సీను తీసుకోండి. దృశ్యభాష దాంతోనే మొదలవుతుంది. ‘ఇది ఇలాగే ఎందుకు తీశారు, అప్పటికి ఇంకోలా తీయడం సాధ్యమేనా’ అన్న ప్రశ్న పుట్టినప్పుడు చరిత్ర దగ్గరికి వెళ్లండి. సిద్ధాంతం ఆ తర్వాతే. మీరు ఈ వరసను తిరగేశారు, పుస్తకం అందుకే మొరాయించింది.

సీను అయిదు నిమిషాలు మించకూడదు. ఛేజింగులూ పాటలూ మొదట్లో వద్దు, కట్లు లెక్కపెట్టడంతోనే ఓపిక అయిపోతుంది. ఒక గదిలో ఇద్దరో ముగ్గురో మాట్లాడుకునే సీను చాలు. అదీ ఇదివరకే చూసిన సినిమాలోది కావాలి. తర్వాతేమవుతుందో తెలియకపోతే కన్ను కథ వెంట పరిగెడుతుంది, ఫ్రేములో నిలబడదు.

మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. కట్ పడ్డప్పుడల్లా, అంటే ఒక షాటు ఆగి ఇంకో షాటు మొదలైనప్పుడల్లా, కాగితం మీద ఒక గీత. మాటలు వినిపిస్తుంటే కట్లు కనిపించవు, మంచి కూర్పు (ఎడిటింగ్) పని కట్‌ను దాచడమే కాబట్టి. రెండోసారి ఒక్కో షాటు దగ్గర ఆపుతూ పట్టిక నింపండి: షాటు సంఖ్య, మొదలైన సమయం, నిడివి, మనిషి ఎంతవరకు కనిపిస్తున్నాడు (ముఖమా, ఛాతీ దాకానా, నడుము దాకానా, నిలువెల్లానా), కెమెరా ఎత్తు, అది కదిలిందా, ఎవరు ఎటు చూస్తున్నారు, వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది. మూడోసారి తెరకు వీపు తిప్పి కూర్చుని వినండి. ఏ మాట ఏ షాటు మీద మొదలై ఎక్కడ ముగిసిందో పట్టికలో చేర్చండి. తర్వాతి షాటులోని శబ్దం ముందే వచ్చి బొమ్మ వెనకాల వస్తే జె-కట్, బొమ్మ మారాక కూడా పాత షాటు శబ్దం సాగితే ఎల్-కట్. ఈ అయిదు నిమిషాలకు మొదటిసారి రెండు మూడు గంటలు పడుతుంది. పదో సీనుకు గంటలో అయిపోతుంది.

పట్టికతోపాటు ఇంకో పని ఉంది, చాలామంది ఎగ్గొట్టేది. గదిని పైనుంచి చూసినట్టు నేల పటం గీసి, మనుషులు కూర్చున్న చోట్లూ ఒక్కో షాటుకు కెమెరా ఉన్న చోటూ గుర్తుపెట్టండి. ఇద్దరి మధ్యా ఒక గీత గీస్తే, కెమెరా గుర్తులన్నీ ఆ గీతకు ఒకే పక్కన ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. దీన్నే 180 డిగ్రీల నియమం అంటారు. కెమెరా గీత దాటితే ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ తెర మీద ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనిపిస్తారు. దాటడం తప్పేమీ కాదు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు కెమెరాను కింద పెట్టి, మనుషుల్ని దాదాపు ఎదురుగా తీస్తూ, ఈ గీతను ఎన్నోసార్లు దాటాడు. ప్రేక్షకుడు తికమకపడలేదు. నియమాన్ని పుస్తకంలో చదివినవాడు ‘ఇది పొరపాటు’ అంటాడు. పటం గీసినవాడికి అది ఎన్నిసార్లు, ఏ చోట జరిగిందో తెలుసు కాబట్టి అలవాటు కింద లెక్క కడతాడు.

ఇక లెక్కలు. సీను నిడివిని షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు నిడివి వస్తుంది: నాలుగు నిమిషాల పది సెకన్లలో 50 షాట్లుంటే 5 సెకన్లు. సినిమాల శైలిని ఇలా అంకెలతో పోల్చే పద్ధతిని సినిమా చరిత్రకారుడు బారీ సాల్ట్ 1974లో ప్రతిపాదించాడు. కానీ సగటును ఒంటరిగా నమ్మకండి. తొమ్మిది షాట్లు మూడేసి సెకన్లు, ఒక్కటి 63 సెకన్లు ఉందనుకోండి. సగటు 9 సెకన్లు వస్తుంది, తొమ్మిది సెకన్ల షాటు మాత్రం ఆ సీన్లో ఒక్కటీ లేదు! నిడివులను చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చి నడిమి అంకె ఎంతో కూడా రాసుకోండి. ఇక్కడది 3. ఆ రెండింటి మధ్య దూరమే ‘ఎక్కడో ఒక పొడుగాటి షాటు ఉంది, వెళ్లి చూడు’ అని చెబుతుంది.

పట్టిక పూర్తయ్యాక దాన్ని రెండే ప్రశ్నలడగండి. మాట్లాడే మనిషిని చూపిస్తున్నారా, వినే మనిషినా? అలవాటు ఎక్కడ తప్పింది? ముప్ఫై షాట్ల పాటు అందరూ నడుము దాకానే కనిపించి, 31వ షాటులో ఒకరి ముఖం తెర నిండా వచ్చిందనుకోండి. అంతవరకూ ఎందుకు దాచారు, సరిగ్గా ఏ మాట మీద విప్పారు అన్నది అక్కడ దొరుకుతుంది. ‘దర్శకుడు ఆమె ఒంటరితనాన్ని అద్భుతంగా ఆవిష్కరించాడు’ అంటే అది తీర్పు, దాంతో వాదన ముందుకు కదలదు. ‘ఆమె 40 సెకన్లు మాట్లాడితే 28 సెకన్లు తెర మీద ఉన్నది అతని ముఖం, ఆమె చివరి వాక్యం దగ్గర మాత్రం ఆమె ముఖమే వచ్చింది, అంతకుముందెప్పుడూ లేనంత దగ్గరగా’ అని రాస్తే చదివినవాళ్లు వెళ్లి సరిచూసుకోవచ్చు, కాదని వాదించవచ్చు కూడా. మీ స్నేహితులడిగిన ‘గొప్పేముంది?’కి జవాబు ఈ రెండో రకం వాక్యం.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ జారిపడే చోటు ప్రతీకలు. ఎరుపు కనబడితే ప్రమాదం, కిటికీ కనబడితే స్వేచ్ఛ, అద్దం కనబడితే చీలిన మనసు. ఇలా చదివితే ఏ సినిమాకైనా ఒకటే అర్థం వస్తుంది. ఒక చిన్న పరీక్ష పెట్టండి: అదే సినిమాలో ప్రమాదం లేని చోట ఎరుపు వచ్చిందా? వస్తే మీ సూత్రం కొట్టేయండి. ఒక రంగు మొదటి అరగంటలో ఒకే వ్యక్తితో కనబడి, తర్వాత ఇంకొకరి మీదికి మారిందంటే అప్పుడు మాట్లాడటానికి సరుకుంది.

మీరు చూస్తున్న కాపీ మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. టీవీలో కదలికలను నునుపు చేసే సెట్టింగ్ ఉంటుంది. అది లేని ఫ్రేములను పుట్టించి మధ్యలో చొప్పిస్తుంది, ఆపేయండి. 1932 నుంచి స్థిరపడిన 1.37:1 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) తెర కొలతలో తీసిన సినిమాను ఇప్పటి 1.78:1 తెర నిండా వచ్చేలా కత్తిరిస్తే పైనా కిందా కలిపి దాదాపు 23 శాతం ఎత్తు పోతుంది. అలాంటి కాపీ చూసి ‘తల మీద ఖాళీ వదలకుండా ఇరుకుగా తీశారు’ అని రాసిన విశ్లేషణలున్నాయి. మూకీల సంగతి వేరు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని 24 చొప్పున నడిపితే నిమిషం పని 40 సెకన్లలో ముగుస్తుంది. ఆ గెంతులాట నటుల చలవ కాదు. కొన్ని దేశాల టీవీ పద్ధతిలో 24 ఫ్రేముల సినిమా 25 చొప్పున నడుస్తుంది కాబట్టి రెండు గంటల సినిమా 115 నిమిషాల 12 సెకన్లకు కుదించుకుపోతుంది. రెండు కాపీల షాటు నిడివులు పోల్చేటప్పుడు ఆ నాలుగు శాతం సరిచేయకపోతే లెక్కలన్నీ తప్పుతాయి.

కెమెరా పట్టకుండా దృశ్యభాష సగమే వస్తుంది. ఫోన్ చాలు. ‘పొడుగు లెన్సు వెనకదాన్ని ముందుకు లాక్కొస్తుంది’ అనే మాట వినే ఉంటారు. అది సగం నిజం, మిగతా సగం చేసి చూస్తే తెలుస్తుంది. ఒక మనిషిని నిలబెట్టి, వెనక పది మీటర్ల దూరంలో ఒక చెట్టో స్తంభమో ఉండేలా చూసుకోండి. మీటరు దూరం నుంచి జూమ్ లేకుండా ఒక ఫొటో తీయండి. మనిషికి మూడు మీటర్ల దూరానికి వెనక్కి జరిగి మూడు రెట్ల జూమ్‌తో ఇంకోటి. ముఖం రెండింట్లోనూ ఒకే పరిమాణం, వెనక చెట్టు మాత్రం రెండో దాంట్లో సుమారు రెండున్నర రెట్లు పెద్దది. ఇప్పుడు మూడు మీటర్ల దగ్గరే నిలబడి జూమ్ లేకుండా మూడో ఫొటో తీసి, దాన్ని మూడు రెట్లు కత్తిరించండి. రెండో ఫొటోలో ఉన్న ముఖం, ఉన్న చెట్టు, అవే కొలతల్లో వస్తాయి. అంటే దూరాలను దగ్గర చేసింది లెన్సు కాదు, మీరు నిలబడ్డ చోటు. లెన్సు చేసింది ఎంత మేర చూపాలో నిర్ణయించడం. ఇది చేతికొచ్చాక, కెమెరా జరుపుతూ అదే సమయంలో జూమ్ మారిస్తే మనిషి అలాగే ఉండి వెనక లోకం మాత్రం సాగిపోవడం ఎందుకో (1958లో ‘వెర్టిగో’లో వాడిన కిటుకు అదే) ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో అభ్యాసం కులెషోవ్‌ది. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్, నటుడు మొజుఖిన్ ముఖం ఒకే షాటును వేర్వేరు షాట్ల పక్కన అతికించాడనీ, ప్రేక్షకులు ప్రతిసారీ ఆ ముఖంలో వేరే భావం చూశారనీ ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఆ ఫిల్ము ఇప్పుడు లేదు. పక్కన పెట్టిన షాట్లేమిటన్నదీ ఒక్కొక్కరి కథనంలో ఒక్కోలా ఉంది. అందుకని నమ్మేబదులు చేసి చూడండి. ఏ భావమూ లేని ముఖం పది సెకన్లు తీయండి. తినే వస్తువు, ఖాళీ మంచం, నవ్వుతున్న పాప — ఒక్కోటి నాలుగు సెకన్లు. మూడు వేర్వేరు ముక్కలుగా కూర్చి, ముగ్గురు వేర్వేరు మనుషులకు ఒక్కొక్కటే చూపించండి. ఒకరికే మూడూ చూపిస్తే కిటుకు పసిగట్టేస్తారు. పని చేయకపోతే ముందు చూపు దిక్కు చూడండి. ముఖం కిందికి కుడివైపు చూస్తుంటే వస్తువును కూడా ఆ కోణం నుంచి, పైనుంచి కిందికి తీసి ఉండాలి. అది కుదరకపోతే ఆ మనిషి ఆ వస్తువును చూస్తున్నాడనే ఎవరూ అనుకోరు, ఇక భావం ఎక్కడ పుడుతుంది? ఇంకో కారణం, నటుడు ‘భావం లేకుండా’ ఉండబోయి బిగుసుకుపోవడం.

చరిత్ర దగ్గరికి వద్దాం. 1895తో మొదలుపెట్టి వరసగా వద్దామనుకున్నవాళ్లు ఎక్కువమంది 1920ల్లోనే చతికిలపడతారు. మీ సీను నుంచి వెనక్కి తవ్వడం మేలు. ఆ 63 సెకన్ల షాటునే తీసుకోండి. ఒక షాటు ఎంతసేపు ఉండగలదు? ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల తొలి చిత్రాలు 50 సెకన్ల దగ్గర ఆగిపోవడానికి కారణం వాళ్ల కెమెరాలో పట్టే ఫిల్ము 17 మీటర్లే కావడం. 35 ఎం.ఎం. ఫిల్ము అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకు అయిపోతుంది. 1948లో దర్శకుడు హిచ్‌కాక్ ‘రోప్’ను పొడుగు షాట్లలో తీసినప్పుడు పదేసి నిమిషాల దగ్గర కట్ చేయక తప్పకపోవడం ఇందుకే. 2002లో ‘రష్యన్ ఆర్క్’ గంటన్నర ఒకే షాటులో రాగలిగింది, ఫిల్ము బదులు హార్డ్ డిస్కు మీద రికార్డు చేశారు కాబట్టి. ఒక్క ప్రశ్న పట్టుకుంటే నూరేళ్లు చేతికొచ్చాయి. వెలుగు గురించి అడిగినా అంతే. 1920ల చివర్లో అన్ని రంగులనూ పట్టే ప్యాంక్రొమాటిక్ ఫిల్ము విరివిగా వాడుకలోకి వచ్చేదాకా నడిచిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, నీలం ఎక్కువ కనిపిస్తుంది. మూకీల్లో పెదాలు నల్లగా, ఆకాశం తెల్లకాగితంలా ఉండటాన్ని ‘శైలి’ అనే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. తొలి టాకీల్లో కెమెరా కదలక మొండికేయడం కూడా ఇలాంటిదే: దాని చప్పుడు మైకులో పడకుండా గదిలాంటి పెట్టెలో బిగించేవారు. దర్శకులకు ఊహ చచ్చిపోయి కాదు.

చరిత్ర పుస్తకాల్లో ‘తొలి’ అన్న పదం కనబడితే ఆగండి. తొలి సినిమా ప్రదర్శనగా చెప్పే లూమియేర్ల పారిస్ గ్రాండ్ కఫే ప్రదర్శన 1895 డిసెంబరు 28న జరిగింది. బెర్లిన్‌లో స్క్లాడనోవ్‌స్కీ సోదరులు అదే ఏడాది నవంబరు 1నే డబ్బు తీసుకుని ప్రదర్శించారు. లూమియేర్ల రైలు చిత్రం చూసి, రైలు మీదికొస్తోందని జనం పారిపోయారన్న కథకు ఆనాటి గట్టి సాక్ష్యం లేదు, పైగా డిసెంబరు 28 నాటి పది చిత్రాల్లో ఆ రైలు చిత్రమే లేదు. ఇంకా పాఠం నేర్పేది 1903 నాటి ‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మన్’. గది లోపలికీ బయటికీ మార్చి మార్చి చూపే కాపీ ఆధారంగా, ఆ కూర్పు అప్పటికే పుట్టిందని చాలాకాలం రాశారు. తీరా కాపీరైట్ కోసం కాగితం మీద ముద్రించి దాఖలు చేసిన ప్రతిని చూస్తే, రక్షించే ఘట్టం మొత్తం ఒకసారి లోపలి నుంచి, మళ్లీ మొదటి నుంచి బయటి నుంచి ఉంది. మార్చి మార్చి చూపడం తర్వాత ఎవరో చేసిన కూర్పు. ‘ఏ కాపీ చూశాను?’ అన్న ప్రశ్న చరిత్రలో ఎంత బరువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. మిగిలినవే కొన్ని. అమెరికా మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం పూర్తిగా పోయాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. 1931లో వచ్చిన హిందీ టాకీ ‘ఆలం ఆరా’ కాపీ ఒక్కటి కూడా దొరకలేదు. కాబట్టి ‘ఆ రోజుల్లో అందరూ ఇలాగే తీసేవారు’ అనే వాక్యం రాయబోతుంటే కలం ఆపి, మిగిలినవాటిని బట్టి మాట్లాడుతున్నానని గుర్తుచేసుకోండి.

సిద్ధాంతాన్ని నమ్మకంగా తీసుకోకండి, ప్రశ్నగా తీసుకోండి. సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ అడిగింది: రెండు షాట్లు ఢీకొన్నప్పుడు, విడివిడిగా దేంట్లోనూ లేని అర్థం ఎలా పుడుతుంది? ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ అడిగింది దానికి ఎదురు: కట్ చేయకుండా, ముందున్నదీ వెనకున్నదీ స్పష్టంగా చూపిస్తూ షాటును సాగనిస్తే ఎటు చూడాలో ప్రేక్షకుడే ఎంచుకుంటాడు కదా, ఆ స్వేచ్ఛను కూర్పు లాగేసుకోవడం లేదా? మీ సీను పట్టికను ఈ ఇద్దరి ముందూ పెట్టి చెరో పేజీ రాయండి. ఇద్దరూ ఒకే చోట మౌనంగా ఉండిపోతే అది ఇంకా బాగా పనికొస్తుంది. బజాన్‌ను చదివేటప్పుడు ఒక జాగ్రత్త. లోతుగా స్పష్టంగా తీసిన షాట్లకు ఉదాహరణగా అందరూ చూపేది 1941 నాటి ‘సిటిజన్ కేన్’. అందులో ముందు భాగంలో మందు గ్లాసు, మధ్యలో మంచం మీద మనిషి, వెనక తలుపు ఉండే ప్రసిద్ధ షాటు ఒకే దఫాలో తీసింది కాదు. ఒక భాగం తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి, మరో భాగం అదే ఫిల్ము మీద తీశారు. అంటే ‘ఉన్నదున్నట్టు సాగే వాస్తవం’ కూడా ఒక అతుకే. దాంతో సిద్ధాంతం కూలిపోదు. దాని ఆధారం కెమెరాలోంచి ప్రేక్షకుడి కంటిలోకి మారుతుంది, అంతే.

దర్శకుడే రచయిత అనే వాదానికి 1954లో ఫ్రెంచి విమర్శకుడు త్రూఫో వ్యాసం ఊతమిచ్చింది, 1962లో విమర్శకుడు యాండ్రూ సారిస్ దాన్ని అమెరికాకు తెచ్చాడు. ఉపయోగమైనదే, కానీ బద్ధకాన్ని పెంచుతుంది: ప్రతి నిర్ణయాన్నీ ఒక్కడి ఖాతాలో వేసేస్తాం. అదే ‘సిటిజన్ కేన్’లో దర్శకుడు ఆర్సన్ వెల్స్ తన పేరున్న టైటిల్ కార్డులోనే ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ పేరు వేయించాడు. పట్టిక రాసేటప్పుడు ‘దర్శకుడు’ అన్న చోటల్లా ‘సినిమా’ అని రాసి చూడండి, వాక్యం చాలాసార్లు ఇంకా నిజమవుతుంది. ఇక సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975 వ్యాసం. ఎవరు చూస్తున్నారు, ఎవరు చూడబడుతున్నారు అన్న దాని ప్రశ్నకు పట్టికలో ఒక వరస చేర్చితే చాలు: ‘ఎవరి చూపు’. ఆ వరస నిండాక వ్యాసం చదివితే ఒప్పుకోవడానికైనా కాదనడానికైనా మీ చేతిలో లెక్క ఉంటుంది. ఈ వ్యాసాలను వాటి సారాంశాల్లో కాకుండా నేరుగా చదవండి. చాలావరకు పుస్తకాలకంటే చిన్నవి, సారాంశాలకంటే తేలిక.

కోర్సు విషయం. తీయడం నేర్పే చోటు వేరు, చదవడం నేర్పే చోటు వేరు. చేరేముందు పాఠ్యప్రణాళికలో రాతపని ఎంతుందో, మీ రాత మీద ఎవరైనా వ్యాఖ్య రాసి ఇస్తారో లేదో చూసుకోండి. కోర్సులో నిజంగా దొరికేది ఆ వ్యాఖ్యే. అది ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే సీనుకు విడివిడిగా పట్టికలు రాసుకుని పోల్చుకున్నా కొంతవరకు దొరుకుతుంది. ‘ఇది కెమెరా కదలిక కాదు, జూమ్’ అని ఒకరితో ఒకరు తగువు పడటంలోనే సగం చదువు అయిపోతుంది. తగువు తీర్చడం కష్టమేమీ కాదు. దగ్గరున్నదీ దూరంగా ఉన్నదీ ఒకదానిమీద ఒకటి జరుగుతుంటే కెమెరా కదిలింది, రెండూ ఒకే నిష్పత్తిలో పెద్దవవుతుంటే జూమ్.

మీ ఆరేడు గంటల్లో రెండున్నర గంటలు పట్టికకు, రెండు గంటలు ఆ సినిమా మొత్తం మళ్లీ చూడటానికి, గంట చదవడానికి ఇవ్వండి. మిగిలిన గంటలో మూడువందల మాటలు రాయండి. రాశాక ‘అద్భుతం’, ‘హృద్యం’, ‘కవితాత్మకం’ లాంటి విశేషణాలన్నీ కొట్టేసి, ఇంకా ఎన్ని వాక్యాలు నిలబడ్డాయో లెక్కపెట్టండి. మొదటి వారం మూడో నాలుగో మిగులుతాయి, కంగారుపడకండి. రెండేసి వారాలు ఒక్కో సీనుకు కేటాయిస్తే మూడు నెలల్లో ఆరు సీన్లవుతాయి. వాటిలో ఒకటి మూకీ నుంచి, ఒకటి 1930ల టాకీ నుంచి ఉండేలా చూసుకోండి. అప్పుడు ఆ వదిలేసిన పుస్తకాన్ని మళ్లీ తెరవండి, మూడో అధ్యాయం దగ్గర మాత్రం కాదు. విషయసూచికలో మీ ఆరు పట్టికల్లో దేనికైనా సంబంధించిన అధ్యాయం ఏదుందో చూసి, అక్కడ మొదలుపెట్టండి.